వారాల అన్నము – కళాశాల చదువు

తెలుగునాట మొన్నమొన్నటి తరమువరకు, చదువుకొని వృద్ధిలోనికి వచ్చిన పెద్దమనిషిని ఎవరినైనను "తమ విద్యాభ్యాసము ఎట్లు సాగినదండీ?" అని అడిగినచో, ఆయన తన కళాశాల పేరు చెప్పుటకు ముందే, "వారాలు చేసికొని చదువుకొన్నాను" అని చెప్పుచుండెడివాడు. ఆ ఒక్క మాటలో ఒక యుగమంతయు ఇమిడియున్నది. కన్నవారిని విడిచి, చిన్న బట్టల మూటతో పట్టణము చేరిన బాలుడు, ఆదివారము ఒకరి యింట, సోమవారము మరియొకరి యింట, ఈ విధముగా వారమునకు ఏడు గడపలలో భోజనము కుదుర్చుకొని, రాత్రివేళ ఏ సత్రములోనో, ఏ వకీలుగారి వీధి అరుగుమీదనో పరుండి, ఆముదపు దీపము వెలుతురున పాఠములు వల్లెవేసి, పరీక్షలలో కృతార్థుడగుట ఆనాటి విద్యార్థులలో ఎందరికో సామాన్యమైన అనుభవము. ఏడు వారములును కుదిరినవాడు భాగ్యశాలి. ఆరు మాత్రమే కుదిరినవానికి ఏడవనాడు ఉపవాసము.

ఏ కళాశాలలో చేరవలెను, చేరిన పిదప దానివలన సంపూర్ణ ప్రయోజనమును ఎట్లు పొందవలెను అను విచారము నేడు వేసవి వచ్చినంతనే ప్రతి గృహమునందును చెలరేగుచున్నది. తల్లిదండ్రులు రాత్రులు నిద్రమాని తర్కించుకొనుచున్నారు. పిల్లలు పదిమంది పది విధములుగా చెప్పిన మాటలు విని దిగులుపడుచున్నారు. ఇది నేడు క్రొత్తగా పుట్టిన విచారము కాదు. నూరేండ్లకు పైబడి మన పూర్వులు దీనిని ఎదుర్కొనిరి; తమ బ్రతుకులతోనే దీనికి సమాధానములు వ్రాసిరి. ఆ సమాధానములను ఒక్కసారి తిరిగి చదువుకొనుట మనకు శ్రేయస్కరము.

అన్నమునకును విద్యకును గల యీ ముడి ఇంగ్లీషు చదువులతో వచ్చినది కాదు. కాకతి రుద్రమదేవి ఏలుబడిలో, 1261వ సంవత్సరమున వెలసిన మల్కాపుర శాసనము ఇందుకు ప్రబల సాక్ష్యము. కృష్ణాతీరమున మందడము చెంత విశ్వేశ్వర శివాచార్యులు నెలకొల్పిన ఆ ధర్మసంస్థలో వేదములు చెప్పుటకు ముగ్గురు, వ్యాకరణ తర్క సాహిత్య ఆగమాది శాస్త్రములు చెప్పుటకు ఐదుగురు ఆచార్యులు నియుక్తులైరి. అంతటితో ఆగక, అన్నసత్రమును, వైద్యుని, లెక్కలు వ్రాయు కాయస్థుని, స్త్రీలకు ప్రసూతిశాలను కూడ ఆ శాసనమే ఏర్పరచినది. విద్యాస్థానమనగా పాఠము చెప్పు చోటు మాత్రమే కాదనియు, విద్యార్థి ఆకలిని, అనారోగ్యమును, నివాసమును కూడ తనవిగా భావించు సంస్థయే విద్యాస్థానమనియు ఆ శిల మనకు చెప్పుచున్నది.

ఇంగ్లీషువారి కాలమున మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో ఏర్పడెను. ఉన్నతవిద్య కోరిన తెలుగు బాలురకు ఆ దినములలో మద్రాసు రాజధాని కళాశాల, క్రైస్తవ కళాశాల, పచ్చయప్ప కళాశాల వంటివి తప్ప గత్యంతరము లేకుండెను. కోస్తాజిల్లాలకును చెన్నపట్టణమునకును రైలుదారి అప్పటికి పూర్తికాలేదు. గోదావరి ఒడ్డునుండి బయలుదేరిన బాలుడు ఓడమీదనో, కాలువ పడవమీదనో దినములతరబడి ప్రయాణముచేసి, భాష తెలియని వీధులలో దిగి, ఎరిగినవారి యిల్లు వెదకుకొనవలసివచ్చెడిది. అందుచేత రాజమహేంద్రవరమున 1853లో జిల్లా పాఠశాలగా మొదలైన విద్యాలయము 1873లో రెండవ తరగతి కళాశాలగను, 1877లో మొదటి తరగతి కళాశాలగను పెరుగుట తెలుగుదేశ చరిత్రలో చిన్న విషయము కాదు. గోదావరి నీరు త్రాగుచునే బి.ఏ. చదువుటకు అవకాశము అప్పుడు కలిగెను. విజయనగరమున గజపతి ప్రభువులు 1857లో స్థాపించిన పాఠశాల 1879లో కళాశాల ఆయెను. కాకినాడలో పిఠాపురము రాజావారి విద్యాలయము 1884లో ఆ హోదాను పొందెను. మచిలీపట్టణమున రాబర్టు నోబిలు అను మతాచార్యుడు 1843లో ప్రారంభించిన పాఠశాల క్రమముగా నోబిలు కళాశాలగా ప్రసిద్ధి కెక్కెను.

ఇన్ని కళాశాలలు వెలసినప్పుడు, దేనిని ఎన్నుకొనవలెనను ప్రశ్న సహజముగా పుట్టెను. ఆనాటి తల్లిదండ్రులకు తొలి ప్రశ్న అన్నము: ఆ ఊర మేనమామ యిల్లు గలదా, వారములిచ్చు గృహస్థులు గలరా, పూటకూళ్ళ యిల్లు చవుకయా? రెండవ ప్రశ్న జీతము: రాజావారు బీదపిల్లలకు రుసుము మినహాయింతురా? మూడవ ప్రశ్న ఆచారము: మతాచార్యుల బడిలో పిల్లవాడు మతము మారునేమో? ఈ భయము ఊరక పుట్టినది కాదు. 1852లో మచిలీపట్టణపు పాఠశాలలో ఇరువురు విద్యార్థులు క్రైస్తవమతము స్వీకరించినప్పుడు పట్టణమంతయు అట్టుడికిపోయెను. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించగా బడి ఇంచుమించు శూన్యమాయెను. కొంతకాలమునకు వారే మరల పిల్లలను పంపిరి. చదువుపై గల ఆశ భయమును జయించినది.

అయితే కళాశాలను అన్నమునుబట్టి ఎన్నుకొన్న ఆ బాలురను మహాపురుషులుగా తీర్చినది అన్నము మాత్రమే కాదు. ఆ కళాశాల పేరు అంతకన్నను కాదు. చేరిన చోట వారు ఒక గురువును వెదకికొనిరి. ఈ విషయమును నేను ఎంత నొక్కి చెప్పినను అధికము కానేరదు.

గురజాడ అప్పారావు తండ్రిని కోల్పోయి విజయనగరము చేరినప్పుడు, ఆయనను తన యింట ఉంచుకొని భోజనవసతులు కల్పించినవాడు అచ్చటి కళాశాలాధ్యక్షుడైన చంద్రశేఖర శాస్త్రి. పేదబాలునికి ఒక పూట అన్నము పెట్టుట దయ. ప్రధానాచార్యుడు తన గృహమునే వానికి ఇచ్చుట విద్యాదానమునకు పరాకాష్ఠ. అప్పారావు 1882లో మెట్రిక్యులేషను, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. అచ్చటనే పూర్తిచేసి, తరువాతి సంవత్సరమున అదే కళాశాలలో ఉపాధ్యాయుడాయెను. ఆయన సహాధ్యాయి గిడుగు రామమూర్తికి ఆ భాగ్యము పూర్తిగా లభింపలేదు. ఆయన మెట్రిక్యులేషనుతోనే పర్లాకిమిడి చేరి, రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయవృత్తి నవలంబించి, ఉద్యోగము చేయుచునే సొంతముగా చదువుకొని పట్టభద్రుడాయెను. చుట్టుపట్ల కొండలలో నివసించు సవరల భాషను అభ్యసించుటకై ఆ భాష తెలిసినవానిని ఇంటికి రప్పించుకొని, దశాబ్దములు శ్రమించి, దానికి వ్యాకరణమును నిఘంటువును సమకూర్చెను. కళాశాల గోడల నడుమ కూర్చుండి చదువుటకు వీలులేని వానికి కూడ విద్య సాధ్యమేయని ఆయన జీవితము చాటుచున్నది. ఇష్టపడిన కళాశాలలో స్థానము దొరకలేదని నేడు కుమిలిపోవు విద్యార్థులు ఈ ఇరువురు సహాధ్యాయులను కలిపి స్మరింపవలెను: ఒకనికి మంచి కళాశాల దొరికినది, మరియొకడు తానే ఒక కళాశాల ఆయెను.

ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి పిల్లలను పోషించిన తల్లి కుమారుడు టంగుటూరి ప్రకాశము. ఆ బాలుని చురుకుదనమును గుర్తించిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడను ఉపాధ్యాయుడు, తాను రాజమహేంద్రవరము తరలిపోవునప్పుడు శిష్యుని కూడ వెంటబెట్టుకొని పోయి, అచ్చట చదివించెను. ఈ బాలుడు ఎన్నుకొన్నది కళాశాలను కాదు. గురువు వెంట నడచెను, కళాశాల దారిలో వచ్చెను. ఆంధ్రరాష్ట్రపు మొదటి ముఖ్యమంత్రి చదువునకు పునాది అట్లు పడినది.

అదే రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము తెలుగు పండితుడుగా ఉండెను. పండితపదవి ఆనాటి కళాశాలలలో గౌరవమునందు గాని జీతమునందు గాని గొప్పది కాదు. అయినను 1881 డిసెంబరు 11వ తేదీన ఆయన తొలి వితంతు వివాహమును జరిపినప్పుడు ఊరు ఎదురు తిరుగగా, ఆయనకు అండగా నిలిచిన వారిలో విద్యార్థులు ముందుండిరి. పాఠ్యపుస్తకములోని పద్యమునకు అర్థము చెప్పు పండితుని వద్దనే ధైర్యమనగా నేమో వారు నేర్చుకొనిరి. అట్టి పాఠము ఏ ప్రశ్నపత్రములోను రాదు. కాని బ్రతుకునంతటిని ప్రశ్నించునది అదియే.

కాకినాడ కళాశాలకు 1904 మొదలు 1919 వరకు అధ్యక్షుడై యుండిన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారి సంగతి చెప్పనిదే ఈ చరిత్ర పూర్తికాదు. తెల్లని వస్త్రములు ధరించి, మితముగా జీవించి, తన ఆదాయములో అధికభాగమును బీద విద్యార్థులకు, అనాథలకు వెచ్చించిన ఆ మహనీయుని కాలమున, పిఠాపురపు కళాశాల తెలుగుదేశమంతటినుండి బాలురను ఆకర్షించెను. దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటి కవి అచ్చటి గాలి పీల్చినవాడే. ఆ భవనము అంతకుముందును ఉన్నది, అటుపిమ్మటను ఉన్నది. కాని ఆ పదునైదు సంవత్సరములను మాత్రము జనులు "నాయుడుగారి రోజులు" అనియే తలచుకొనిరి. మచిలీపట్టణపు హిందూ ఉన్నత పాఠశాలలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి తెలుగు పండితుడై యుండగా, విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావు ఆయన శిష్యులైరి. ఒక పాఠశాల గది నుండి ఒక సాహిత్యయుగము వెలువడినది. ఉన్నత పాఠశాలయా, కళాశాలయా అను భేదము అట్టి గురువు ఎదుట నిలువదు.

శాస్త్రవిద్యయందును ఇదియే నియమము. చంద్రశేఖర వెంకటరామన్ బాల్యము విశాఖపట్టణమున, ఏ.వి.ఎన్. కళాశాలలో ఉపాధ్యాయుడైన తండ్రి పుస్తకముల నడుమ గడచెను. ఆయన ఎఫ్.ఏ. చదివినదియు అచ్చటనే. తరువాత నిజాం కళాశాలలో పట్టభద్రుడైన సూరి భగవంతము, ఉద్యోగమును వెదకుటకు బదులు గురువును వెదకి, కలకత్తాకు పోయి రామన్ చెంత శిష్యరికము చేసి, పిదప విశాఖపట్టణపు వాల్తేరున భౌతికశాస్త్రాచార్యుడాయెను. తండ్రి పుస్తకములతో విశాఖ తీరమున మొదలైన విద్య, కలకత్తా చుట్టివచ్చి, శిష్యుని రూపమున మరల అదే తీరమునకు చేరినది.

అయితే ఈ చరిత్రను మనము కేవలము కీర్తించి ఊరకుండరాదు. వారములిచ్చు గడపలు చాలవరకు కులమును చూచి తెరచుకొన్నవి. బ్రాహ్మణ బాలునికి ఏడు గడపలు దొరకిన పట్టణముననే, కాపు బాలునికి ఒక్క గడపయు దొరకకుండెను. అంటరానివాడని దూరముగా నిలిపిన బాలునికి బడి మెట్టే దొరకకుండెను. ఎన్ని వేల మేధలు ఆ విధముగా మొలకలోనే వాడిపోయినవో లెక్కించువారు లేరు. ఆ అన్యాయమునకు ప్రతిక్రియగా వసతిగృహములు పుట్టినవి. హైదరాబాదులో, పిమ్మట నగర కొత్వాలుగా ప్రఖ్యాతి గాంచిన రాజబహద్దరు వెంకట్రామారెడ్డి పూనికతో 1918లో రెడ్డి వసతిగృహము వెలసెను. పల్లెలనుండి వచ్చిన తెలంగాణ బాలురకు అది అన్నమును నీడను మాత్రమే ఈయలేదు. సురవరము ప్రతాపరెడ్డి వంటి విద్వాంసుడు దాని నిర్వహణలో పాల్గొని గ్రంథాలయమును పెంపొందించుటచే, ఉర్దూ మాధ్యమమున చదువు సాగు నగరములో తెలుగు గ్రంథములకును తెలుగు చర్చలకును అదొక నిలయమాయెను. వసతిగృహము మరియొక కళాశాలయని తెలంగాణము ఆనాడు గ్రహించినది.

స్త్రీల విషయమున వసతి లేమియే కళాశాల ద్వారమునకు గడియ ఆయెను. ఉప్పు సత్యాగ్రహమున కారాగారవాసము చేసివచ్చిన దుర్గాబాయి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరగోరినప్పుడు, స్త్రీలకు వసతిగృహము లేదని ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డిగారు సంకోచించిరి. ఆమె నిరాశపడక, చదువగోరు యువతులు తనకు వ్రాయవలసినదిగా పత్రికలో ప్రకటించి, వచ్చినవారిని కూడగట్టి, వసతిని తామే ఏర్పరచుకొని కళాశాలలో ప్రవేశించెను. ఉన్న వసతులనుబట్టి కళాశాలను ఎన్నుకొనుట ఒక పద్ధతి. లేని వసతిని కల్పించి, వెనుక వచ్చువారికి దారి వేయుట అంతకంటె గొప్ప పద్ధతి. తరువాత ఆంధ్ర మహిళాసభను నిర్మించిన హస్తము ఆనాడే తన బలమును చూపినది.

దేశము మేల్కొనిన దినములలో ఎన్నిక మరింత కఠినమాయెను. 1907లో బిపిన్ చంద్రపాలు రాజమహేంద్రవరము వచ్చి ప్రసంగించిన పిదప, వందేమాతర నినాదము కారణముగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలనుండి బహిష్కృతుడాయెను. కోపల్లె హనుమంతరావు న్యాయవాదవృత్తిని త్రోసివేసి, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య తోడుకాగా, 1910లో మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పెను. సర్కారు గుర్తింపు లేని ఆ చదువునకు ఉద్యోగపు బజారులో విలువ లేదని తెలిసియు, నేత, వడ్రంగము, చిత్రలేఖనము సాహిత్యముతో సమానముగా నేర్పు ఆ విద్యాలయమునకు తమ పిల్లలను పంపిన తల్లిదండ్రులు ఉండిరి. అడివి బాపిరాజు చిత్రకళను అభ్యసించినది అచ్చటనే. 1915లో అనీబిసెంటమ్మ మదనపల్లెలో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలయు స్వపరిపాలనోద్యమపు దినములలో మద్రాసు విశ్వవిద్యాలయపు అనుబంధమును కోల్పోయెను. ఆ కళాశాలలోనే 1919లో రవీంద్రనాథ ఠాకూరు విడిదిచేసి, జనగణమన గీతమును ఆంగ్లీకరించెను. గుర్తింపు పోయిన చిన్న ఊరి కళాశాల జాతి చరిత్రలో శాశ్వతమైన గుర్తింపు పొందినది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున వందేమాతరము పాడినందులకు వెడలగొట్టబడిన విద్యార్థులకు నాగపురపు విశ్వవిద్యాలయము తలుపులు తెరచెను. వారిలో పాములపర్తి వెంకట నరసింహారావు ఒకడు.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడిన పిదప, సర్వేపల్లి రాధాకృష్ణపండితుడు 1931 మొదలు 1936 వరకు దానికి ఉపాధ్యక్షుడై, ఎట్టివారిని వాల్తేరునకు రప్పించెనో చూచినను, విద్యాలయమునకు గురువే ప్రాణమని తేటపడును. రసాయనశాస్త్రమునకు టి. ఆర్. శేషాద్రి, చరిత్రకు హీరేన్ ముఖర్జీ, తత్త్వశాస్త్రమునకు హుమాయూన్ కబీరు వచ్చిరి. జయపురపు మహారాజు విక్రమదేవవర్మ ఏటేట లక్ష రూపాయలు ఒసగుటచే ధనమునకు లోటు తీరెను. ఆ ధనము ఘనమైన కట్టడములతో పాటు ఘనమైన గురువులను సమకూర్చెను.

ఈ చరిత్రనంతటిని ఒకచోట పేర్చి చూచినచో, నేటి విద్యార్థికి చెప్పదగిన మాటలు మూడు కనబడుచున్నవి. మొదటిది: కళాశాల పేరు అడుగుటకు ముందు, అచ్చట నీవు చదువగోరు శాస్త్రమును బోధించుచున్న వారెవరో అడుగుము. ప్రకటనలలోని భవనముల బొమ్మలను, ఉద్యోగముల అంకెలను చూచి మోసపోక, ఒక దినము స్వయముగా ఆ ఊరికి పోయి, అచ్చట చదువుచున్న పై తరగతి విద్యార్థులను కలిసికొని, గురువులు తరగతికి వత్తురా, తరగతి ముగిసిన పిదప సందేహములు అడుగనిత్తురా అని విచారింపుము. గ్రంథాలయపు బీరువాలు తాళములు వేసియున్నవో, తెరచియున్నవో నీ కన్నులతో చూడుము. ప్రయోగశాలలో పరికరములపై దుమ్ము పేరుకొన్నదేమో పరిశీలింపుము.

రెండవది: ఎవరితో కలసి ఉందువో, ఏమి తిందువో అది కూడ చదువులో భాగమేయని ఎరుగుము. అప్పుచేసి దూరపు కళాశాలలో చేరి, ప్రతి మాసము తండ్రికి వ్రాయలేని భారముతో కుమిలిపోవుటకంటె, ఇంటి చెంత కళాశాలలో నిశ్చింతగా చదువుకొనుట ఎన్నియో మారులు మేలు. సహవాసమును ఎన్నుకొనుటలో మాత్రము కులమును, ఊరిని దాటి చూడుము; మన పెద్దలు చేసిన తప్పు నీవు తిరిగి చేయకుము.

మూడవది: కళాశాల నీకు ఏమిచ్చునని మాత్రమే ఎదురుచూడక, దానినుండి ఏమి గైకొనగలవో నీవే నిర్ణయించుకొనుము. చేరిన మొదటి మాసములోనే ఒక్క గురువునకైనను నీ పేరును నీ ఆసక్తిని తెలియునట్లు చేసికొనుము. పాఠ్యప్రణాళికలో లేని ఒక గ్రంథమును ఎల్లప్పుడును చేత ఉంచుకొనుము. తోటివారితో కలిసి ఒక పత్రికయో, నాటకమో, సేవాసంఘమో నడుపుము. గిడుగువారికి సవరభాష దొరికినట్లు, ప్రతి విద్యార్థికిని తన చుట్టుపట్లనే, తనకొరకే వేచియున్న పని యొకటి దొరకును. దానిని గుర్తించు చూపును సంపాదించుకొనుటయే కళాశాలవలన కలుగు పరమప్రయోజనము.

గృహస్థులకు కూడ ఒక విన్నపము. వారములిచ్చు కాలము గతించినదని మనమందరము అనుకొనుచున్నాము. కాని మన ఊరి కళాశాలలో, మన వీధి చివరి గదిలో, మాసాంతమున భోజనశాల రుసుము కట్టలేక ఒక పూట మానివేయుచున్న విద్యార్థి నేటికిని ఉన్నాడు. వాని కులమేదని అడుగక, వాని ఊరేదని అడుగక, వారమునకొక దినము మన యింట విస్తరి వేయుదము. లేదా ఆ ఒక్క దినపు ఖర్చును వానికి గౌరవముతో అందజేయుదము. ఆనాటి పెద్దలు కొందరికి మాత్రమే తెరచిన గడపను మనము అందరికిని తెరచిననాడే, వారి ఋణమును మనము తీర్చుకొన్నవారమగుదుము.